గౌరవనీయులైన శాలువా గారికి

శాలువా గారూ, నమస్కారం.

ముందు మీకు సన్మానం చేసి తర్వాత మాట మొదలుపెట్టాలి, మా దగ్గర అదే పద్ధతి. కానీ శాలువాకు ఏం కప్పాలో నాకు తోచలేదు. సన్మానాల సామాను అమ్మే షాపాయనను అడిగితే, "శాలువాకు ప్లాస్టిక్ కవరే సన్మానం సార్, అది తియ్యకుండ కప్పేటోళ్లు గూడ ఉన్నరు" అన్నాడు. కాబట్టి కవరుతోనే మిమ్మల్ని ఊహించుకుని రాస్తున్నాను.

మాది నల్లగొండ. జానపదం అంటే చెవి కోసుకునే రకం నేను. నాలాంటి వాళ్లమే ఒక ఐదారుగురం ఉన్నాం. ఎవరు ఎక్కడ పాడుతున్నారు, ఏ ఊళ్లో రంగుల ముగ్గులతో మల్లన్న పట్నాలు వేస్తున్నారు, ఒగ్గు కథ చెప్పేది ఏ బృందం, ఎవరి దరువుకు కాలు ఆగదు, కలిస్తే ఇదే ముచ్చట. వనపర్తిలో ఉండే మా బావ అయితే ఫోన్ ఎత్తగానే బాగున్నవా అని కూడా అడగడు, "నిన్న ఎవర్ని విన్నవు బావా?" అంటాడు. అయితే ఈమధ్య మేము ఏ ప్రోగ్రాంకు పోయినా మాకంటే ముందే మీరు వచ్చి ఉంటున్నారు. టేబుల్ మీద, ఒకరి మీద ఒకరు, పక్కన మెమెంటోల గుట్ట. మిమ్మల్ని చూడగానే మా బావ లెక్క మొదలుపెడతాడు. "ముప్పై ఉన్నయి. ఒక్కొక్కదానికి ఫొటోతోటి మూడు నిమిషాలు. అంటే గంటన్నర. పా, చాయ్ తాగొద్దాం."

మొన్న ఒక హాల్లో జరిగిన సంగతి చెప్తాను. పెట్టినవాళ్ల పేరెందుకు, మీకు తెలుసు, మీరక్కడే ఉన్నారు. ఫ్లెక్సీ మీద అతిథుల ఫొటోలు పదిహేడు, పాడేవాళ్ల ఫొటో ఒక్కటీ లేదు, అడుగున చిన్న అక్షరాల్లో "మరియు కళాకారులు" అని ఉంది. ఆరింటికన్నారు. జ్యోతి వెలిగించేసరికి ఏడున్నర.

డప్పు బృందం మాత్రం ఆరుకే వచ్చింది. మీకు ఎప్పుడూ స్టేజీ పైభాగమే తప్ప మిగతాది తెలియదు కాబట్టి డప్పు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. కట్టె చట్రానికి మేకతోలు బిగిస్తారు. మంటకు కాస్తేనే ఆ తోలు బిర్రుగా అవుతుంది, చల్లబడిందంటే సడలిపోతుంది, ఖణేల్‌మనాల్సిన దెబ్బ తడిబట్ట మీద కొట్టినట్టు పలుకుతుంది. హాల్లో మంట పెట్టనివ్వరు గనుక వాళ్లు బయట స్కూటర్లు నిలిపే చోట ఇంత వరిగడ్డి, నాలుగు అట్టముక్కలు వేసి కాచుకున్నారు. ఒక్కొక్కరూ డప్పును మంట మీద తిప్పడం, వేలితో టంగుమనిపించి చెవి దగ్గర పెట్టుకోవడం, తల అడ్డంగా ఊపి మళ్లీ మంట మీదికి తేవడం, చూస్తుంటే సగం కచేరీ అక్కడే అయిపోయినట్టనిపించింది. అంతా కుదిరాక లోపలికొచ్చారు. సరిగ్గా అప్పుడే మీ సంబరం మొదలైంది. ఎనిమిది శాలువాలయ్యేసరికి తోలు సడలింది. మళ్లీ బయటికి పోయారు, కాచుకొచ్చారు. ఈసారి ఒక పెద్దమనిషి "అంతరించిపోతున్న డప్పు కళ" మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు, ఆయన కూర్చునేలోగా అది ఇంకోసారి అంతరించింది. మూడోసారికి గడ్డి అయిపోతే మిగిలిపోయిన ఆహ్వాన పత్రికల కట్ట తెచ్చి మంటలో వేశారు. ఆ సాయంత్రం ఆ పత్రికలు చేసిన మంచి పని అదే.

వాళ్లకు దక్కింది నాలుగు నిమిషాలు. డప్పు కొట్టేందుకు ఒక చేతిలో సిర్ర అనే కట్టె, ఇంకో చేతిలో సన్నటి సిటికెన పుల్ల, డప్పు తాడు భుజానికి, ఆ భుజం మీదే మీరు. ఒక పిల్లగాడు గిర్రున తిరిగి ఎగిరినప్పుడల్లా మీరు జారి తోలు మీద పడటం, డప్పుకు నోట్లో గుడ్డ కుక్కినట్టవడం. తీసి పక్కన పడేద్దామంటే కప్పినాయన ముందు వరసలోనే కూర్చున్నాడు.

ఆ తర్వాత కిన్నెర పట్టుకుని ఒక తాత వచ్చాడు. కింద కూర్చుని ఒళ్లో కిన్నెర సర్దుకుంటుంటే మీ అంచు కుచ్చులు పోయి తీగల్లో ఇరుక్కున్నాయి. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, తీగ నొక్కి స్వరం పలికించడానికి మైనంతో అతికించిన మెట్లు, అలాంటి దాని మీది నుంచి కుచ్చు లాగడమంటే ముల్లుకంప మీద చీర తీసినట్టే, నిదానంగా ఒక్కొక్కటి విడదీసుకున్నాడు పాపం. ఎత్తుకున్నదేమో పండుగ సాయన్న కథ. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన మా పాలమూరు మొనగాడి కథ, రాత్రంతా పాడినా ఒడవనిది. యాంకరమ్మ వచ్చి "మూడు నిమిషాల్లో ముగించగలరు" అంది. మూడు నిమిషాలయ్యాయి. సాయన్న ఇంకా పుట్టనే లేదు. చప్పట్లు కొట్టించి, మీలోంచి ఇంకొకరిని తీసి తాతకు రెండోసారి కప్పి పంపించారు. బస్సు కిరాయి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, ఆఖరి బస్సు అప్పటికే పోయింది.

ఇక్కడ మా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. 12 మెట్ల కిన్నెర దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించారు కదా. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయనది. ఆ వారమంతా మా ఫోన్లలో ఆయన ఫొటోలే. 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దలో బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి పద్మశ్రీ వచ్చినప్పుడూ అంతే. ఫొటోలన్నిట్లో మీరు స్పష్టంగా కనపడుతున్నారు, పాట వినపడదు. ఆ ఏడాది డిసెంబర్‌లో, బలగం సినిమా చివర పాడిన పస్తం మొగిలయ్య గారు వరంగల్‌లో పోయారు. బుడగజంగాల కళాకారుడు ఆయన. మా గుంపులోనే ఒకడు కిన్నెర మొగులయ్య గారి ఫొటో పెట్టి కన్నీటి వీడ్కోలు అని స్టేటస్ కొట్టాడు. ఇద్దరి వాద్యం వేరు, జిల్లా వేరు, గొంతు వేరు. "ఇద్దరూ శాలువాలోనే ఉన్నరు కదన్నా, నాకేం తెలుస్తది" అన్నాడు వాడు. తిట్టాను గానీ, వాడన్నదాంట్లో అబద్ధమేముంది?

పోయిన ఎండాకాలం అచ్చంపేట దాటాక ఒక ఊళ్లో ఇంకో కిన్నెర తాత ఇంటికి వెళ్లాం, నేనూ బావా. మూలన రేకు పెట్టె ఉంది. మూత తెరిస్తే నిండా మీరే.

"ఎన్నున్నయి తాతా?"

"లెక్క యాడ పెట్టిన బిడ్డా, డెబ్బై దాటినయేమో."

"ఒక్కటన్నా కప్పుకోవా?"

"కప్పుకుంటే చలాగదు. తుడుసుకుంటే సెమట పీల్సదు. పరుసుకోని పండుకుందామంటే పొట్టిగుంటది. ఏం జేస్తం, పెద్దోళ్లు కప్పిన్రని దాసిపెట్టిన."

దూలానికి వేలాడదీసిన మూట దించాడు. అందులో కిన్నెర, దాని చుట్టూ రెండు వరసలు మీరు. "గీ బుర్రలను ఎలుకలు కొరుకుతయి బిడ్డా, అందుకని సుట్టిపెట్టిన. గిదొక్కటి మంచిగ పనికొచ్చింది." ఒక మెట్టు కదిలి ఉంది. మైనం చిన్న ముద్ద తీసుకుని బొటనవేలితో పిసికి పిసికి మెత్తగా చేసి, మెట్టు కింద పెట్టి నొక్కి, తీగ మీటి, కాదని కొంచెం జరిపి, మళ్లీ మీటాడు. నాలుగైదు సార్లకు ముఖం విప్పారింది. ఇక ఎత్తుకున్నాడు. మైకు లేదు, యాంకరమ్మ లేదు. కోడలు అరుగు మీద చింతపండులో గింజలు తీస్తూ పక్కనుంచి వంత అందుకుంటోంది, మధ్యలో కోడిని అదిలిస్తోంది, మళ్లీ సరిగ్గా తన వంతుకు అందుకుంటోంది. ఆ రోజు సాయన్న పుట్టాడు, పెరిగాడు, దోచాడు, పంచాడు, పోయాడు. రెండున్నర గంటలు. లేచేటప్పుడు బావ జేబులోంచి తీసి చేతిలో పెట్టినదాన్ని తాత శ్రద్ధగా లెక్కపెట్టి నడుముకు దోపుకున్నాడు. మిమ్మల్ని ఎవరూ అట్లా లెక్కపెట్టుకోరు, గమనించారా?

మీకు కోపం వస్తుందేమో గానీ ఒక మాట అడగాలి. మీది ఏ ఊరు? పోచంపల్లి మాది, పుట్టపాక మాది, గద్వాల మాది, నారాయణపేట మాది. ఇన్ని మగ్గాలున్న నేల మీద పాడేవాళ్ల భుజాల మీదికి ఎక్కడి మిల్లు గుడ్డో, పుట్టిన ఊరి పేరు కూడా లేని మీరు ఎట్లా ఎక్కి కూర్చున్నారో అర్థం కాదు. అసలు మా పాటకు కప్పుకునేది ఒకటి మీకంటే ముందే ఉండేది, గొంగడి. నల్ల గొర్రె బొచ్చుతో నేసింది. వానొస్తే గొడుగు, చలేస్తే దుప్పటి, అలసిపోతే పరుపు. గద్దర్ దాన్ని భుజాన వేసుకుని, కాళ్లకు గజ్జె కట్టి ఎగిరితే ఏనాడూ జారి అడ్డం పడలేదు. 2002లో కామారెడ్డిలో ధూంధాం, అంటే తెలంగాణ ఉద్యమపు ఆటపాటల సభ, మొదలైన కాడినుంచి తెలంగాణ వచ్చేదాకా ఎన్ని స్టేజీలు చూశామో, అప్పుడు డప్పులు, గజ్జెలు, గొంగళ్లే గుర్తున్నాయి, మెమెంటోల టేబుల్ గుర్తులేదు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టుందని మీరనవచ్చు, ఇంతమంది సన్మానం చేస్తుంటే వీడికేం నొప్పి అని. వెంట్రుకలున్నా గొంగడిలో వెచ్చదనముంది సార్.

సరే, మీరు రాని చోట్లు కొన్ని చెప్తాను. మీకు కాదు, మీ భుజం మీది నుంచి ఈ ఉత్తరం చదివేవాళ్ల కోసం. దీపావళి తర్వాత చిన్నచింతకుంట మండలం కురుమూర్తి జాతరకు పోండి. ఉద్దాలు, అంటే స్వామి చెప్పులు, ఊరేగింపుగా వచ్చే రోజు జనంలో నిలబడితే ఒక భజన గుంపు దాటగానే ఇంకోటి తగులుతుంది, ఎవరి తాళం వాళ్లది. నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు మీద అమావాస్య రాత్రి నిద్ర చేసేవాళ్ల మధ్య ఒక చాప వేసుకుంటే చాలు, పక్క చాప మీద ఎవరో ముసలమ్మ తత్వం అందుకుంటుంది. పీర్ల పండుగ రాత్రి పాలమూరు పల్లెల్లో గుండం చుట్టూ తిరుగుతూ అస్సోయ్ దూలా అనే పాటకు కులం లేదు, మతం లేదు, అధ్యక్షుల వారు అసలే లేరు, పైగా గుండం ఎట్లాగూ మండుతూనే ఉంటుంది కాబట్టి డప్పు కాచుకోవడానికి ఆహ్వాన పత్రికలు అవసరం పడవు. వరినాట్ల పాటలు వినాలంటే మాత్రం త్వరపడాలి. మిర్యాలగూడ వైపు ఇప్పుడు బెంగాల్, బిహార్ కూలీలు వచ్చి నాట్లేస్తున్నారు. వాళ్లూ పాడుకుంటారు, మాకు అర్థం కాదు గానీ నడుము వంచినప్పుడు పుట్టే లయ మాత్రం మా అమ్మలదే.

అన్నిటికంటే పెద్దది దురాజ్‌పల్లి పెద్దగట్టు. సూర్యాపేట దగ్గర, హైవే పక్కనే, లింగమంతుల స్వామి జాతర. మేడారం తర్వాత మా దగ్గర పెద్ద జాతర ఇదే. కేసారం నుంచి దేవుళ్ల విగ్రహాలుండే దేవరపెట్టె బయల్దేరిన రాత్రి గజ్జెల లాగులు, కటార్లు, భేరీలు, ఓ లింగా అనే కేక. ఆ భేరీ దెబ్బ చెవికి కాదు, రొమ్ముకు తగులుతుంది. 2025 ఫిబ్రవరిలో మేము పోయినప్పుడు ఒక భేరీ ఆయన పక్కనే నిలబడి, తెల్లారేదాకా ఆయన పేరేమిటో అడగడం కూడా మరిచిపోయాం. ఆయన కూడా మమ్మల్ని పట్టించుకోలేదు. అంతకంటే మర్యాద ఏముంటుంది?

చివరగా ఒక సొంత విషయం. మీలో ఒకరు మా ఇంట్లో కూడా ఉన్నారు. పైన చెప్పిన ఆ హాలు ప్రోగ్రాంకు నేను ఐదొందలు చందా రాశాను, దానికే నన్ను స్టేజీ మీదికి పిలిచి "జానపద ప్రేమికులు" అని కప్పారు. మూడు నిమిషాలు పట్టింది, ఫొటోతో కలిపి. అంటే సాయన్న పుట్టాల్సిన ఆ మూడు నిమిషాలు నేను తిన్నానన్నమాట. బీరువా తెరిచినప్పుడల్లా మీరు నాకేసి చూస్తుంటారు.

పెద్దగట్టు రెండేళ్లకోసారి, కాబట్టి మళ్లీ 2027లో. ఈసారి మిమ్మల్ని వెంట తీసుకుపోతున్నాను, పాట ఎట్లా ఉంటుందో మీరూ ఒక రాత్రంతా వినండి. గట్టు కింద భేరీల పక్కన చోటు చూసి, మిమ్మల్ని రెండు మడతలు వేసి నేల మీద పరుస్తాను. తెల్లారుజామున మంచుకు నేల తడిగా ఉంటుంది, అందుకని కవరు తియ్యను.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక వెనక వరస శ్రోత