జపాను దగ్గరే, డాబాయే దూరం

రేడియో తరంగాల గురించి పుస్తకాల్లో ఉన్నది సగం శాస్త్రమేనని సవినయంగా మనవి. మిగతా సగం చెన్నైలో మా కాలేజీ పాత బిల్డింగులో, మేం నడిపిన హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే రేడియో) క్లబ్బులో తేలింది. 7 మెగాహెర్ట్జ్ తరంగం పై వాతావరణంలోని అయనోస్ఫియర్ అనే పొరను తాకి జపానులో దిగడానికి సెకను కూడా పట్టదు. మా అర్జీ కింది ఆఫీసుకు వెళ్లి డాబా తాళం చెవిగా మారి పైకి రావడానికి మూడు వారాలు.

అంగట్లో అన్నీ ఉన్నాయి: ఢిల్లీ ఇచ్చిన లైసెన్సు, వీయూతో మొదలయ్యే కాల్ సైన్ (గాలిలో మా పేరు), ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌లో బేరమాడి తెచ్చిన కేబుల్. అల్లుడి నోట్లో శని ఆ తాళమే. డైపోల్ అనే మా యాంటెన్నాకి ఈ కొస నుంచి ఆ కొసకి 20 మీటర్ల తీగ కావాలి, గదిలో కట్టలేం కదా. ఎలాగో డాబా మీద కడితే ఈశాన్య రుతుపవనం తెంపేది. మళ్లీ అర్జీ.

వాచ్‌మన్ మాత్రం "సావి ఇల్ల" అనేవాడు. తమిళంలో సావి అంటే తాళం చెవి. శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చిన జూనియర్ అది 'సావు లేదు' అనే దీవెన అనుకుని ఆయనకు దణ్ణం పెట్టాడు.

ఆఫీసు వాదన గట్టిదే. అది మద్రాస్ టెర్రస్ కప్పు. టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో బిగించింది. పైన పిల్లి నడిచినా మా టీలో సున్నం రాలేది. (కాల్షియం లోపం మా క్లబ్బులో ఎవరికీ లేదు.) మనిషి ఎక్కితే కూలుతుందన్నారు. సరిగ్గా దాని కిందే అరవై మందికి క్లాసు. పైన ఒక్కడు నడిస్తే ప్రమాదం, కింద అరవై మంది కూర్చుంటే అటెండెన్స్.

2005 మే 5న శ్రీహరికోట నుంచి, అంటే మన సూళ్లూరుపేట పక్కనుంచే, హామ్‌ల కోసం 42.5 కిలోల హామ్‌శాట్ ఉపగ్రహాన్ని పంపారు. దాని గొంతు వినాలని అర్జీ పెట్టాం. అది 600 కిలోమీటర్ల పైకి వెళ్లింది. మేం రెండో అంతస్తు దాటలేదు.

రేడియోలో మాట కలిసినవాళ్లు అందుకు రుజువుగా క్యూఎస్‌ఎల్ కార్డు పంపుకోవడం హామ్‌ల మర్యాద. జపాను నుంచి వచ్చిన మొదటి కార్డును మురిసిపోయి గోడకి అంటించాం. వానాకాలంలో పీకితే అరచేయంత సున్నప్పెచ్చుతో సహా ఊడొచ్చింది. ఆ పెచ్చును కూడా రికార్డుల్లోనే దాచాం.

పోయిన ఏడాది వెళ్లాను. కప్పు సగం కూలిపోయింది, డాబా మెట్లకు అడ్డంగా ముళ్లకంప. ఆఫీసులో రిజిస్టరు దులిపి, "మీ అర్జీ మంజూరైంది సార్, సంతకం పెట్టి తాళం చెవి తీసుకోండి" అన్నారు. పెట్టాను. సాయంత్రం ఐదింటికల్లా తిరిగి ఇచ్చెయ్యాలట.