ఎమర్జెన్సీ సీటీ స్కాన్: రోగికి చెప్పే తీరిక నిజంగా లేదా?

ఎమర్జెన్సీ విభాగంలో సీటీ స్కాన్ రాయడం ఇప్పుడు రక్తపరీక్ష రాసినంత మామూలైపోయింది. అందులో రేడియేషన్ ఉంటుందని, దానివల్ల మున్ముందు క్యాన్సర్ ముప్పు కాస్త పెరగవచ్చని రోగికి ముందే చెప్పాలా అంటే మాత్రం తరచూ వినిపించే జవాబు: అంత టైమ్ ఎక్కడిది?

కొందరి విషయంలో ఈ జవాబు పూర్తిగా సరైనదే. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిన మనిషిని సమ్మతి అడగలేం. పక్షవాతం లక్షణాలతో వచ్చినవారికి రక్తపు గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో చూసుకోకుండా ఆ మందు ఇవ్వకూడదు. ఇలాంటప్పుడు సమ్మతి ఉన్నట్టే భావించి ముందుకెళ్లడం న్యాయం.

నా అభ్యంతరం ఆ మినహాయింపును అందరికీ వర్తింపజేయడం మీద. ఎమర్జెన్సీ గుమ్మం దాటిన ప్రతి ఒక్కరూ ప్రాణాపాయంలో ఉండరు. కడుపునొప్పితో వచ్చి గంటల తరబడి కూర్చున్నవారు, కిడ్నీలో రాయితో మళ్లీ వచ్చినవారు, మంచం మీంచి పడి తల బొప్పికట్టిన పిల్లాడిని ఎత్తుకొచ్చిన తల్లిదండ్రులు... వీళ్లు వినగలరు, అడగగలరు. స్కాన్ గది ఖాళీ అయ్యేలోపు ఒకటి రెండు నిమిషాలు మాట్లాడితే చాలు.

అసలు అడ్డంకి టైమేనా? అమెరికాలో ఒక ఆస్పత్రి ఎమర్జెన్సీలో చేసిన సర్వే 2004లో రేడియాలజీ అనే వైద్య పత్రికలో వచ్చింది. స్కాన్ లాభనష్టాలు తమకు చెప్పారన్న రోగులు 7 శాతమే. తాము చెప్పామన్న ఎమర్జెన్సీ డాక్టర్లు 22 శాతం. సీటీ వల్ల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని నమ్మినవారు రేడియాలజిస్టుల్లో (స్కాన్‌లు చూసి రిపోర్టు ఇచ్చే డాక్టర్లలో) 47 శాతం ఉంటే, ఎమర్జెన్సీ డాక్టర్లలో 9 శాతం, రోగుల్లో 3 శాతం. సర్వే చిన్నదే, పాతదే. కానీ ముప్పు ఉందనే అనుకోని డాక్టరు, ఎంత తీరిక ఉన్నా, దాని గురించి ఏం చెబుతారు?

చెబితే రోగి బెదిరిపోయి స్కాన్ వద్దంటాడన్నది ఇంకో భయం. ‘క్యాన్సర్ రావచ్చు’ అని ఒక్క మాట అనేసి వెళ్లిపోతే ఎవరికైనా టెన్షనే. అంకెలను పక్కపక్కన పెట్టి చెప్పాలి. శరీరానికి అందే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ అందుతుంది. మనిషికి ప్రకృతి నుంచి ఏడాదిలో అందేది సగటున 2.4. కడుపు స్కాన్ అయితే 10 దాకా ఉండొచ్చు. ఆ 10 మిల్లీసీవర్ట్‌లకు 2000 మందిలో ఒకరికి అదనంగా ప్రాణాంతక క్యాన్సర్ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంచనా. స్కాన్ ఊసే లేకపోయినా అక్కడ ఆ 2000 మందిలో 400 మంది దాకా క్యాన్సర్‌తోనే పోతారు. ఈ రెండో అంకె దాచి మొదటిది చెప్పడం అన్యాయం. అపెండిసైటిస్‌ను సకాలంలో గుర్తించకపోతే జరిగే నష్టం చెప్పకపోవడమూ అంతే అన్యాయం.

తలకు చిన్న దెబ్బలు తగిలిన పిల్లల తల్లిదండ్రులతో, లాభనష్టాలు వివరించే కాగితం ఒకటి ముందు పెట్టుకుని డాక్టర్లు మాట్లాడిన అధ్యయనం 2018లో వెలువడింది. స్కాన్‌ల శాతం పెద్దగా మారలేదు. మారిందల్లా తల్లిదండ్రుల అవగాహన, నిర్ణయంలో వాళ్ల పాత్ర. బెదిరి పారిపోతారన్న వాదనకు ఇంతకంటే సమాధానం ఏం కావాలి?

అలాగని మరో సమ్మతి పత్రం తెచ్చి సంతకం పెట్టించుకోమని నేను అనను. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషితో పెట్టించుకున్న సంతకం ఆస్పత్రికి రక్షణేమో గానీ, రోగికి కాదు. నోటిమాటగా చెప్పి, చెప్పినట్టు కేస్ షీట్‌లో ఒక వాక్యం రాస్తే చాలు. అయితే వేరే దారులు ఉంటే అవీ చెప్పాలి. పిల్లల కడుపునొప్పికి ముందు అల్ట్రాసౌండ్ చేసి చూడొచ్చు. చిన్న తలదెబ్బకు కొన్ని గంటలు అబ్జర్వేషన్‌లో ఉంచొచ్చు. ఆ దారులు దాచిపెట్టి ‘సరేనా?’ అని అడిగితే అది సమ్మతి ఎలా అవుతుంది?

రాళ్ల సమస్యతో పదే పదే వచ్చే యువకులకు ఈ మాటలు మరీ అవసరం. ఇదివరకు ఎన్ని సీటీలు తీశారని వాళ్లను అడగాలి. తక్కువ రేడియేషన్ మోతాదు స్కాన్ సరిపోతుందేమో చూడాలి. ఈసారి అందిన మోతాదును డిశ్చార్జ్ కాగితంలో రాసివ్వాలి. ఇప్పటి స్కానర్లు ఆ వివరాలను ఎలాగూ నమోదు చేస్తూనే ఉన్నాయి.