అల్లుడి కాలు, అత్తగారి వడియాలు

పోయిన శనివారం న్యూజెర్సీలో మనవాళ్లింట్లో జరిగింది. విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారు ఇంటి వెనక డెక్ మీద, అంటే చెక్క పలకల అరుగు మీద, పాత పంచె పరిచి గుమ్మడి వడియాలు పెట్టారు. మబ్బు పట్టింది. "బాబూ, చినుకులు!" అని కేకేశారు. అల్లుడు పరిగెత్తాడు. మూడో అడుగు పలక మీద ఆగలేదు, పలకలోంచి కిందికి పోయింది.

మనమూ ఇక్కడ కాసేపు ఆగుదాం. ఆయన అక్కడే ముప్పావుగంట ఆగాడు.

డెక్ పలక వెడల్పు 5½ అంగుళాలు. పదేళ్లుగా కుర్చీలో పెరిగిన సాఫ్ట్‌వేర్ పిక్క ఆ సందులో కొలత తీసినట్టు ఇమిడిపోయింది. మోకాలు పైన, పాదం గాల్లో, చెప్పు కింద గడ్డిలో. లాగితే వచ్చేస్తుందనుకుంటాం కదా, రాదు. విరిగిన చెక్క పీచంతా కిందికి వంగి, చేపల బుట్ట మూతిలో పుల్లల్లా నిలబడుతుంది. దిగేటప్పుడు దారిస్తుంది, ఎక్కేటప్పుడు గుచ్చుతుంది. అత్తగారు ముందు వడియాలు లోపల పెట్టి, ఆ తర్వాత కొబ్బరినూనె సీసా తెచ్చారు. మామగారు "ఊపిరి బిగపట్టండి బాబూ" అన్నారు. పిక్కకీ ఊపిరికీ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి. పక్కింటి అమెరికన్ కంచె మీంచి తొంగిచూసి "ఆర్ యూ ఓకే?" అన్నాడు. ఈయన అలవాటు కొద్దీ "గుడ్, హౌ ఆర్ యూ?" అన్నాడు. అతను సంతోషించి లోపలికెళ్లిపోయాడు.

ఇలాంటప్పుడు లాగాల్సింది కాలిని కాదు, పక్క పలకని. మామూలుగా ప్రతి 16 అంగుళాలకీ కింద ఒక జాయిస్టు, అంటే పలకల్ని మోసే దూలం, ఒక్కో జాయిస్టు మీద రెండేసి స్క్రూలు. అవి విప్పి పలక లేపితే కాలు దానంతటదే వస్తుంది. విప్పడానికే ముప్పావుగంట పట్టింది, ఎందుకంటే స్క్రూ తలల నిండా పెయింట్.

ఆ పెయింట్ కథ వేరే. విరిగిన పలక మీద మూడేళ్లు తులసి కుండీ ఉండేది. రోజూ చెంబెడు నీళ్లు, కుండీ అడుగున గాలి సందు లేదు. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిస్తే శిలీంధ్రం తినడం మొదలుపెడుతుంది. ప్రెషర్ ట్రీటెడ్, అంటే ఒత్తిడితో మందు ఎక్కించిన చెక్కకి పుచ్చు రాదని మనకో ధీమా. మందు లోపలిదాకా ఎక్కని చోట పగుళ్లలోంచి నీళ్లు దిగితే దానికీ వస్తుంది. కుండీ కింద నాలుగు బిళ్లల్లాంటివి పెట్టి, అప్పుడప్పుడు చోటు మార్చినా సరిపోయేది. ఈలోగా ఏప్రిల్లో కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం: డెక్ రంగు వెలిసింది, 30 రోజుల్లో సరిచేయాలి. అందులో ఏ రంగు వేయాలో నంబరుతో సహా ఉంది. రెయిలింగ్ ఊగుతోందా, కింద బోల్టులు ఉన్నాయా అని ఒక్క ముక్క లేదు. అల్లుడు కుండీ జరిపి, పుచ్చు మీద కూడా రెండు పూతలు దట్టంగా కొట్టాడు. పెయింట్ పొర కింద తడి అలాగే ఉండిపోయింది. పైకి మాత్రం డెక్ పెళ్లికొడుకులా ఉంది.

పెయింట్ డబ్బా తెరిచే ముందు ఒక స్క్రూడ్రైవర్ చాలేది. ఏడాదికోసారి, మంచు కరిగాక, అరగంట పని. చలికి ముందు ఇంకోసారి, పెద్ద గాలివాన తర్వాత మరోసారి చూస్తే ఇంకా మంచిది. డెక్కులు కట్టేవాళ్ల సంఘం నాడ్రా మే నెలని ఏకంగా డెక్ సేఫ్టీ నెల చేసింది. మనకి మే అంటే ఆవకాయ నెల, అది వేరే సంగతి. పలకల చివర్లు, మెట్ల మొదళ్లు, కుండీల కింద, స్తంభం నేలని తాకేచోట మొన గుచ్చి చూడాలి. పావు, అర అంగుళం సులువుగా దిగితే పుచ్చే. మంచి చెక్క పొడుగ్గా పేళ్లు లేస్తుంది, పుచ్చినది కేకులా చిదిరిపోతుంది.

పై నుంచి చూసి ఊరుకుంటే సగమే చూసినట్టు. టార్చి పట్టుకుని కిందికి దూరాలి. డెక్‌ని ఇంటిగోడకి పట్టి ఉంచే లెడ్జర్ బోర్డు ఉత్త మేకులతో వేలాడుతుంటే పార్టీలు పెట్టుకోకండి. అర అంగుళం బోల్టులో, లాగ్ స్క్రూలనే లావుపాటి స్క్రూలో ఉండాలి, పైన నీళ్లు దిగకుండా ఫ్లాషింగ్ రేకు ఉండాలి. డెక్కులు కూలడం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

ఆదివారం కొత్త పలక వేశారు. పచ్చి చెక్క. మీద చిలకరించిన నీళ్లు ముత్యాల్లా నిలవకుండా ఇంకేదాకా రంగు వేయకూడదు. అందుకు వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. మంగళవారం అసోసియేషన్ ఉత్తరం వచ్చింది. ఒక పలక రంగు మిగతావాటితో కలవడం లేదట, 30 రోజులట. ఇంటి వెనక డెక్‌ని ఎవరు ఎక్కణ్ణుంచి చూశారో!

తులసి ఇప్పుడు పెరట్లో నేల మీదుంది. చెప్పు ఇంకా డెక్ కిందే ఉంది.