లండీనియంలో రెండు ఎర్ర గొడుగులు

లండన్‌లో రోమన్లను చూడబోయేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఏమిటంటే, రోమన్లు అక్కడ ఎక్కడా కనబడరు. క్రీ.శ. 43లో దండెత్తి వచ్చి, ఆ తరువాత కొన్నేళ్ళకే థేమ్స్ ఒడ్డున లండీనియం అనే పట్నం కట్టి, దాదాపు మూడున్నర శతాబ్దాలు దాన్ని ఏలిన ఆ మహానుభావుల ఆనవాళ్ళన్నీ ఇప్పుడు బ్యాంకుల కింద, బీమా కంపెనీల కింద, చివరికి కార్ల పార్కింగుల్లో కూడా దాక్కుని ఉన్నాయి. అందువల్ల అక్కడ నడిపించి చూపించే గైడు చేతిలో ఉండే అసలు పనిముట్టు చరిత్ర కాదు, "ఊహించుకోండి" అనే ఒక్క మాట.

మా నాన్నగారు కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువల మీద ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి. కొలతపుస్తకంలో రాసి ఉంటే తప్ప ఏదీ జరిగినట్టు ఒప్పుకోని శాఖలో జీవితమంతా గడిపినవారిని డబ్బు కట్టించి మరీ ఊహించుకోమనడం ఎంత సాహసమో పాపం ఆ గైడుకు తెలియదు. ఆయన పొడుగాటి, మర్యాదస్తుడైన ఇంగ్లీషు పెద్దమనిషి. టవర్ హిల్ స్టేషన్ బయట మా ఇరవైమందినీ పోగుచేసి, చేతిలోని ఎర్ర గొడుగును మూసినది మూసినట్టే పైకెత్తి, "జనంలో నేను కనబడకపోయినా ఇది కనబడుతుంది, దీని వెంట వచ్చేయండి" అని చెప్పారు. ఆ మాటను కొందరు అంత శ్రద్ధగా పాటిస్తారని ఆయనా అనుకుని ఉండరు.

మొదటి మజిలీ మాత్రం నాన్నగారికి నచ్చింది, ఎందుకంటే అక్కడ నిజంగానే ఒక గోడ ఉంది. క్రీ.శ. 200 ప్రాంతంలో పట్నం చుట్టూ సుమారు మూడు కిలోమీటర్ల పొడవున కట్టిన కోటగోడలో మిగిలిన ముక్క అది. పై భాగం మధ్యయుగాల వాళ్ళు పెంచినది. కింది భాగమే రోమన్లది. కెంట్ ప్రాంతం నుంచి పడవల మీద తెచ్చిన రాయి, దాని మధ్యమధ్య ఎర్రటి పలక ఇటుకల వరసలు. గైడు ఆ గోడ ముందున్న ట్రేజన్ చక్రవర్తి కంచు విగ్రహం గురించి చెబుతుంటే, నాన్నగారు విగ్రహానికి వీపు పెట్టి, గోడను వేలి కణుపుతో తట్టి చూసి, "రాతి కట్టుబడి ఎగుడుదిగుళ్ళను సరిచేసి లెవెల్ తేవడానికి వేశారురా ఈ ఇటుక వరస. మనవాళ్ళకు చెబితే వినరు" అన్నారు. ఆ మాటను ఇంగ్లీషులో చెప్పమని నన్ను పొడిచారు. చెప్పాను. గైడు "సరిగ్గా అంతే" అన్నారు. బృందంలోని కెనడా దంపతులు, ఇద్దరు జపాన్ వృద్ధురాళ్ళు అప్పుడే మొదటిసారి నాన్నగారి వైపు గౌరవంగా చూశారు. ఉపద్రవానికి పునాదిరాయి అక్కడే పడింది.

లెడెన్‌హాల్ మార్కెట్ దగ్గర మళ్ళీ ఊహించుకోవలసి వచ్చింది. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన అంత పెద్ద సభామంటపం మరొకటి ఉండేది కాదని చెప్పే బసిలికా, దాని ముందు ఫోరం అనే బజారు చావడి, అన్నీ మా కాళ్ళ కిందనే ఉన్నాయట. వాటిలో చూడదగ్గ స్తంభపాదం ఒకటి క్షౌరశాల నేలమాళిగలో ఉందని గైడు చెప్పగానే, రోము సామ్రాజ్యాన్ని దర్శించడానికి క్రాపు చేయించుకోవాలా అని అమ్మ అడిగింది. ఈ ఫోరంలో భారతదేశపు మిరియాలు కూడా అమ్మి ఉండవచ్చని గైడు అనడంతో నాన్నగారు అందుకున్నారు. మిరియాలకూ మస్లిన్‌కూ పెట్టి పెట్టి తమ బంగారమంతా ఇండియా పాలవుతోందని ప్లినీ అనే రోము పండితుడు వాపోయాడనీ, ఆ నాణేలు మా గుంటూరు, నల్గొండ జిల్లాల భూముల్లో నేటికీ బయటపడుతుంటాయనీ, ఆ లెక్కన రోము ఆచూకీ లండన్‌లో కంటే తమ ఊరి దగ్గరే నయమనీ ఉపన్యసించారు. చివరి ముక్క నేను అనువదించలేదు. అప్పటికే నలుగురైదుగురు గైడును వదిలి మా వైపు జరిగి నిలబడడం మొదలుపెట్టారు.

వాల్‌బ్రుక్ వీధికి వచ్చేసరికి మధ్యాహ్న భోజనవేళ అయింది. ఆఫీసుల నుంచి జనం వరద గేట్లు ఎత్తినట్టు బయటపడ్డారు. సన్నటి జల్లు కూడా మొదలైంది. ఆ వీధి కింద వాల్‌బ్రుక్ అనే వాగు పారేదనీ, దాని బురదలో గాలి చొరబడక చెక్క, తోలు చెడకుండా నిలిచాయనీ, ఇక్కడి తవ్వకాల్లో మైనం పూసి రాసుకునే చెక్క పలకలు 405 దొరికాయనీ గైడు వివరించారు. వాటిలో తేదీ ఉన్నవాటన్నిటికంటే పాతది క్రీ.శ. 57 జనవరి 8 నాటిది. సరుకు తాలూకు 105 దినారీలు (రోమన్ వెండి నాణేలు) గ్రేటస్ అనే అతనికి బాకీ ఉన్నానని టిబులస్ అనే అతను రాసిచ్చిన పత్రం. అంటే బ్రిటన్‌లో తేదీ వేసి చేత్తో రాసిన రాతల్లో మనకు దొరికిన మొట్టమొదటిది కవిత్వమూ కాదు, రాజశాసనమూ కాదు, ప్రామిసరీ నోటు! నాన్నగారు ముగ్ధులైపోయి, "తీర్చాడా?" అన్నారు. తెలియదన్నారు గైడు. "బాకీ తీరితే నోటు చించేస్తారు కదండీ. మిగిలి ఉందంటే తీరలేదన్నమాట" అని అమ్మ తీర్పు చెప్పింది. ఇప్పటివరకు ఆ పలక మీద వచ్చిన వ్యాఖ్యానాల్లో దీనికి తిరుగులేదని నా అభిప్రాయం.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, గైడు అంతటితో ఆగక వాగు గలగలల గురించి, స్నానశాలల గురించి, ఆ తరువాత వెస్పేసియన్ గురించి చెప్పడంలో వచ్చింది. బ్రిటన్ దండయాత్రలో ఒక దళానికి నాయకత్వం వహించి, తరువాత చక్రవర్తి అయిన ఈ పెద్దమనిషి రోములో మూత్రం మీద పన్ను వేశాడు. చలువచేసేవాళ్ళు బట్టలు తెల్లబరచడానికి దాన్ని కొనేవారట. కొడుకు ఇదేం పన్నని ఈసడిస్తే, నాణెం ముక్కు దగ్గర పెట్టి వాసన వస్తోందా అని అడిగాడట. అందరూ నవ్వారు. పొద్దున బీపీ మాత్ర, దాని మీద రెండు పెద్ద కప్పుల టీ పుచ్చుకుని వచ్చిన నాన్నగారు నవ్వలేదు. "ఒరేయ్, పన్ను సంగతి తరవాత. ఆ వసతి ఎక్కడుందో కనుక్కో" అని నా చెవిలో చెప్పి, కనుక్కునే వ్యవధి నాకివ్వకుండా బయలుదేరారు. జనంలో మేము తనను పోగొట్టుకోకూడదన్న సదుద్దేశంతో అమ్మ చేతిలోని గొడుగు లాక్కుని, మూసి ఉన్నదాన్ని అలాగే పైకెత్తి పట్టుకున్నారు. అమ్మ గొడుగు కూడా ఎర్రదే.

అదే క్షణంలో గైడు తన గొడుగెత్తి కానన్ స్ట్రీట్ వైపు దక్షిణానికి కదిలారు. నాన్నగారు ఉత్తరానికి కదిలారు. తలల సముద్రం మీద రెండు ఎర్ర గొడుగులు ఒకదానికొకటి దూరమవుతుంటే, బృందం సగానికి చీలి, సగం నాన్నగారి వెంట పడింది. నేను అమ్మను గైడుకు అప్పగించి పరుగెత్తాను.

తన వెనక పదిమంది వస్తున్నారని నాన్నగారికి తెలియదు. వెనక్కి తిరిగి చూసే స్థితిలో ఆయన లేరు. బ్యాంక్ కూడలిలో సిగ్నల్ దగ్గర ఆగి, ఏమైనా బోర్డు కనబడుతుందేమోనని ఎదుటి భవనాన్ని పైనుంచి కిందికి పరికించారు. పదిమందీ ఆ భవనాన్ని ఫోటోలు తీశారు. కింగ్ స్ట్రీట్‌లో ఒక మూసిన తలుపు గొళ్ళెం లాగి చూశారు. దాన్నీ తీశారు. జపాన్ వృద్ధురాలొకరు ఆ తలుపును ఆప్యాయంగా తాకారు. నేను రొప్పుతూ వెళ్ళి అసలు విషయం చెప్పబోతే, కెనడా ఆయన నా భుజం తట్టి, "మీ గైడు మాటలు తక్కువ, పని ఎక్కువ మనిషి" అన్నాడు.

కింగ్ స్ట్రీట్ తిన్నగా గిల్డ్‌హాల్ ముంగిట్లోకి తీసుకెళుతుంది. ఆ ముంగిలి రాళ్ళలో నల్లటి పలకలతో పెద్ద వంపుగీత ఒకటి ఉంది. కింద దాగిన రోమన్ క్రీడారంగం హద్దు అదే. నాన్నగారు దాన్ని తొక్కుకుంటూ నేరుగా ఆర్ట్ గ్యాలరీలోకి వెళ్ళారు. ద్వారం దగ్గరి ఉద్యోగి ఆయన ముఖం చూసి ప్రశ్నలేవీ వేయకుండా మెట్ల వైపు చేయి చూపించాడు. నాన్నగారు ఒక తలుపు వెనక్కి మాయమయ్యారు. పదిమందీ ఆ తలుపు ముందు, తడిసిన కోట్లతో, వరసగా, నిశ్శబ్దంగా నిలబడ్డారు.

తేలికపడిన మనసుతో బయటికి వచ్చిన నాన్నగారికి తన రాక కోసం అంతమంది భక్తిగా ఎదురుచూస్తుండడం ఆశ్చర్యం కలిగించినట్టు లేదు. సర్వీసులో ఉండగా రైతులు అలాగే ఎదురుచూసేవారు. నేలమాళిగలోకి దారితీశారు. అక్కడ ఉంది రోము! 1988లో గ్యాలరీ కట్టడానికి తవ్వుతుంటే బయటపడిన క్రీడారంగపు రాతి గోడలు. క్రీ.శ. 70 ప్రాంతంలో చెక్కతో కట్టి, తరువాత రాయితో బలపరచిన కట్టడం అది. వేలమంది కూర్చుని మనుషులూ మృగాలూ కొట్టుకోవడం చూసిన చోటు. మసక చీకటిలో ఆకుపచ్చ వెలుగు గీతలతో కత్తియోధుల ఆకారాలు. నాన్నగారు యోధుల వంక కన్నెత్తి చూడలేదు. గాజు పలక కింద, దాదాపు పందొమ్మిది వందల ఏళ్ళనాటి చెక్క మురుగు కాలువ చూశారు. దాని దారిలో మట్టి పేరుకోవడానికి కట్టిన చెక్క తొట్టి చూశారు. మోకాళ్ళ నొప్పి మరిచిపోయి కూలబడ్డారు.

"చూడండి, కాలువ పూడకుండా మట్టి ఇక్కడ ఆగిపోతుంది. తొట్టి ఒక్కటి ఎత్తిపోసుకుంటే చాలు. ఏటా పూడికతీత పేరుతో బిల్లులు పెట్టే పనే లేదు!" అని తెలుగులోనే మొదలుపెట్టి, చేతులతో వాలు చూపిస్తూ పావుగంట చెప్పారు. నేను అనువదించాను. ఒక కుర్రాడు రాసుకున్నాడు.

అంతలో గైడు, అమ్మ, మిగతా సగం దిగివచ్చారు. కానన్ స్ట్రీట్‌లో గాజు వెనక పెట్టిన లండన్ స్టోన్ అనే సున్నపురాయి ముక్కను చూసి "వీళ్ళ బొడ్రాయి" అని దండం పెట్టుకున్న అమ్మే, సగం జనం లేరని గైడు గాభరాపడుతుంటే "హస్బెండ్, బాత్రూమ్" అన్న రెండు మాటలతో ఆయనకు దారి చూపించిందట. అలాంటి వసతి గ్యాలరీలో ఉందని గైడుకు వెంటనే తట్టింది. ఆయన ఏమీ అనలేదు. కాలువకు ఎంత వాలు ఇచ్చారని నాన్నగారు అడిగినప్పుడు మాత్రం కాసేపు కళ్ళు మూసుకున్నారు.

వెళ్ళిపోతూ కెనడా ఆవిడ నాన్నగారి చేతిలో ఐదు పౌండ్ల నోటు పెట్టింది. నాన్నగారు నిప్పు తాకినట్టు చేయి వెనక్కి తీసుకుని, తన సర్వీసు మొత్తంలో పార్టీల దగ్గర పైసా ముట్టలేదని చెప్పమన్నారు. ఆ నోటును అమ్మ అందుకుని, గైడుగారి చేతిలో పెట్టింది. ఆయన తీసుకున్నారు.

తరువాత ఆ పర్యటన మీద వచ్చిన అభిప్రాయాల్లో ఒకటి మా అబ్బాయి చదివి వినిపించాడు. "ఇద్దరు గైడ్లను పెట్టడం బాగుంది. పొడుగాయన చరిత్ర చక్కగా చెప్పారు. పొట్టాయన మురుగునీటి విభాగంలో నిపుణుడు. ఆయన కొంచెం నెమ్మదిగా నడిస్తే మరీ బాగుండేది." నాన్నగారు ఆసాంతం విని, "నెమ్మదిగానా!" అన్నారు.