మూడు నెలల్లో అర్థం కాకపోతే తప్పు ఆ అమ్మాయిదా?

క్యాంపస్‌లో లైంగిక వేధింపు జరిగితే మూడు నెలల్లోపు ఇలాంటి ఫిర్యాదులు విచారించే కాలేజీ అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయాలి, తగిన కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2015 నాటి నిబంధన ఇది. నా గొడవంతా ఈ గడువుతోనే. జరిగింది దాడి అని ఆ అమ్మాయికే తెలియడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంటే, ఈ లెక్క ఎవరి కోసం?

అమెరికాలో మనస్తత్వవేత్త మేరీ కాస్ బృందం 32 కాలేజీలు, యూనివర్సిటీల్లో ఆరు వేల మందికి పైగా విద్యార్థులను సర్వే చేసి 1987లో ఫలితాలు ప్రచురించింది. కిటుకంతా ప్రశ్నల్లోనే ఉంది. మీకు ఇష్టం లేకపోయినా చెయ్యి మెలిపెట్టో, కదలకుండా అదిమిపట్టో, మందు తాగించో సెక్స్ చేశారా అని విడివిడిగా అడిగారు. చట్టప్రకారం అత్యాచారమే అయిన అనుభవం ఉన్న మహిళల్లో దాన్ని అత్యాచారం అన్నవాళ్లు 27 శాతమే! ఎందుకంటే చేసినవాడు ఎక్కువ కేసుల్లో తెలిసినవాడే. ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతి కాదని 2013 నుంచి మన చట్టంలోనూ ఉంది, కానీ 'రూమ్‌కి నేనే వెళ్లాను కదా, గట్టిగా వద్దనలేదు కదా' అని తనను తానే నిలదీసుకునే పిల్లకు ఆ సెక్షన్ ఎవరు చదివి వినిపించారు?

విడిపోయాక కక్షతో పాత సంగతికి కొత్త పేరు పెడుతున్నారని కొందరంటారు. అలాంటివి అసలుండవని నేననను, తేల్చడానికే కదా విచారణ. గడువు దాటిందని తలుపేస్తే అబద్ధమూ తేలదు, నిజమూ తేలదు.

అసలు నన్నడిగితే సగం పాపం లేడీస్ హాస్టల్ గేటుదే. చీకటి పడగానే తాళం, ఔటింగ్ రిజిస్టర్‌లో సంతకం, పది నిమిషాలు లేటైతే ఇంటికి ఫోన్, 'రోజులు బాగోలేవమ్మా' అని వార్డెన్ క్లాసు. ప్రమాదమంతా గేటు బయట, ముక్కూమొహం తెలియనివాడి దగ్గరే ఉందని నాలుగేళ్లు నూరిపోశాక, ప్రాజెక్ట్ మేట్ చేసినదాన్ని ఆ పిల్ల ఏమనుకోవాలి? పైగా ఆ రోజు రిజిస్టర్‌లో 'లైబ్రరీ' అని రాసి వెళ్లి ఉంటుంది. నోరు విప్పితే ముందు బయటపడేది ఆ అబద్ధం, తర్వాతే వాడి సంగతి. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించేస్తారన్న టెన్షన్ వేరే. కమిటీలకు గడువు ఎత్తేయాలి సరే, దానికంటే ముందు ఫిర్యాదు చేసినవాళ్ల మీద హాస్టల్ రూల్స్ తప్పారని ఏ చర్యా తీసుకోబోమని, ఇంటికి కబురు పెట్టబోమని ప్రతి యూనివర్సిటీ అడ్మిషన్ రోజే రాతపూర్వకంగా ఇవ్వాలి.