అవగాహన ఎవరికి కావాలి?

సౌర విద్యుత్తు మీద, వాతావరణ మార్పుల మీద ప్రజల్లో అవగాహన పెంచాలట. బెంగళూరులో ఈ మాట వినపడని వారం లేదు. కూడళ్లలో హోర్డింగులు, బళ్లలో బొమ్మల పోటీలు, పర్యావరణ దినం జూన్ 5 వచ్చిందంటే నాయకుల నడకలు, ప్రతిజ్ఞలు. భూమిని కాపాడండి అనే నినాదాన్ని ప్లాస్టిక్ ఫ్లెక్సీ మీద అచ్చేసి కట్టడానికైనా మనవాళ్లు వెనకాడరు. ఇంతకీ అవగాహన లేనిది ఎవరికి? మారతహళ్లిలోనో కె.ఆర్.పురంలోనో థర్టీ ఫార్టీ సైటులో ఇల్లు కట్టుకున్న మనిషిని అడగండి. కేంద్రం మిద్దె సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేల సబ్సిడీ అని గడగడా చెబుతాడు. సబ్సిడీ కావాలంటే ప్యానెల్లోని సెల్ కూడా దేశంలోనే తయారై ఉండాలన్న సంగతీ అతనికి తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే, ప్యానెళ్లు బిగించాక, వచ్చే కరెంటునూ పోయే కరెంటునూ లెక్కించే మీటరు ఎప్పుడొస్తుందన్నది. ఆ ముక్క చెప్పగలిగిన ఆఫీసు కూడా కనపడదు.

నిబంధనలు లేక కాదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, కాగితాలు సరిగ్గా ఉంటే ఆమోదించినట్టే లెక్క. ఇంటికి మంజూరైన లోడు (శాంక్షన్డ్ లోడు) పెంచాల్సి వస్తే పంపిణీ సంస్థే పెంచాలి. 5 కిలోవాట్ల దాకా లైనూ ట్రాన్స్‌ఫార్మరూ బలపరిచే ఖర్చూ దానిదే. పని పూర్తయ్యాక 15 రోజుల్లో ప్లాంటును గ్రిడ్డుకు కలిపి నడిపించాలి. అంతకుముందు ఆ గడువు 30 రోజులు. జాప్యానికి పరిహారం మాట కూడా నిబంధనల్లో ఉంది. ఆ పరిహారం పుచ్చుకున్న ఇంటివాడిని ఎవరైనా చూపిస్తే సంతోషిస్తాం.

గడువు దాటితే జరిగేది చిన్న నష్టం కాదు. ప్యానెళ్లు బిగించి, వాటి డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే ఇన్వర్టరు పెట్టి, బ్యాంకు వాయిదా మొదలయ్యాక కూడా ప్లాంటును ఆపి ఉంచాలి. ఆగలేక స్విచ్ వేస్తే ఇంకో చిక్కు. పాత ఎలక్ట్రానిక్ మీటర్లలో కొన్నిటికి కరెంటు ఎటు పోతోందో పట్టదు, ఇంట్లోంచి గ్రిడ్డుకు వెళ్లిన యూనిట్లను కూడా వాడకం కిందే కలిపేస్తాయి. సోలార్ పెట్టుకున్నందుకు బిల్లు పెరుగుతుంది. రెండు వైపులా లెక్కించే మీటరు వచ్చాక కూడా రీడింగు తీసే మనిషి దిగుమతి అంకె ఒక్కటే రాసుకుపోతే, బిల్లింగు సాఫ్ట్‌వేరులో ఆ ఇంటి ఆర్.ఆర్. నంబరు, అంటే కనెక్షను నంబరు, పంపింది పోగా మిగిలిన వాడకానికే బిల్లు వేసే నెట్ మీటరింగులోకి మారకపోతే, నెలల తరబడి ఎగుమతి సున్నాగానే కనపడుతుంది. ఆర్.ఆర్. నంబరు ఇంకా బిల్డరు పేరునో చనిపోయిన తండ్రి పేరునో ఉంటే సబ్సిడీ పోర్టల్ దగ్గరే బండి ఆగుతుంది. వీటిలో ఏది ప్రజల అవగాహనతో తీరేది?

మీటరు ఒక్కటే కాదు. మధ్యాహ్నం ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద పది ఇళ్లు ఎగుమతి మొదలుపెడితే లైనులో వోల్టేజి పైకి పోతుంది. 230 వోల్టులకు పది శాతం మించి, అంటే 253 దాటితే ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోతుంది. ఎండ బాగా ఉన్న గంటలోనే ఉత్పత్తి పోతుంది. ఇన్వర్టరు నుంచి మీటరు దాకా సన్నటి కేబులు లాగితే ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. దీనికి మందు ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజిని దించే ట్యాప్ సరిచేయడం, లైను మార్చడం. రెండూ ఇంటివాడి చేతిలో లేవు. ఇక కరెంటు పోయినప్పుడు బ్యాటరీ లేని గ్రిడ్ ప్లాంటు కూడా ఆగుతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది, ఉండాల్సిందే. ఈ ముక్క ముందే చెప్పి అమ్మే ఏజెంటు అరుదు. అవగాహన ప్రకటనల్లోనూ ఈ ముక్క ఉండదు. 'మీ కరెంటు మీరే తయారు చేసుకోండి' అని రాసినవాళ్లు, కరెంటు కోతలో ఆ కరెంటు రాదని కింద చిన్న అక్షరాల్లోనైనా రాయాలి కదా.

అవగాహన పేరుతో నిజంగా చెప్పదలిస్తే చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. బెంగళూరు అక్షాంశం 13 డిగ్రీలు. దక్షిణానికి తిప్పి 10 నుంచి 15 డిగ్రీల వాలులో బిగిస్తే కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లకు 540 వాట్ల ప్యానెళ్లు ఆరు కావాలి, నీడ పడని చోటు 250 నుంచి 300 చదరపు అడుగులు. ఈ ఊళ్లో కష్టమంతా ఆ నీడ దగ్గరే. మిద్దె మీద నీళ్ల ట్యాంకు, మెట్ల గది, వాటర్ హీటరు, రెండడుగుల దూరంలో పక్కవాడి నాలుగో అంతస్తు. ప్యానెల్లో మూలన ఒక వరస సెల్లుల మీద నీడ పడితే బైపాస్ డయోడు ఆ ప్యానెల్లో మూడో వంతును పక్కన పెట్టేస్తుంది. నీడ పొద్దంతా జరుగుతూ పోయే మిద్దె అయితే ఏ ప్యానెల్‌కాప్యానెల్ విడిగా పనిచేసేలా ప్యానెల్‌కొక ఆప్టిమైజరో మైక్రో ఇన్వర్టరో పెట్టకపోతే కాగితం మీది నాలుగు యూనిట్లు రెండున్నరకు దిగినా ఆశ్చర్యం లేదు. ప్యానెళ్లకూ ఫ్రేముకూ ఒక ఎర్తు, ఇన్వర్టరుకూ ఏసీ వైపుకూ ఒకటి, పిడుగు తీగకు ఒకటి, మూడు వేర్వేరుగా గుంతలు తీయాలి. ఖర్చు తగ్గిద్దామని మూడూ ఒకే గుంతలో కలిపితే పిడుగు నేరుగా ఇన్వర్టరుకు దారి చూసుకుంటుంది. డీసీ వైపు వేర్వేరు కంపెనీల కనెక్టర్లు కలిపి నొక్కితే ఆ అతుకు వేడెక్కి కాలుతుంది. బోరు నీళ్లతో ఎండలో కడిగితే తెల్ల పొర పట్టేస్తుంది, పొద్దు ఎక్కకముందే కావేరి నీళ్లతోనో వాన నీళ్లతోనో కడగాలి. ఇవి చెప్పే హోర్డింగు నగరంలో ఎక్కడైనా ఉందా?

పంపిణీ సంస్థలకూ బాధలున్నాయి, కాదనం. ఎక్కువ రేటు కట్టే వినియోగదారులు జారిపోతారు, సాయంత్రం డిమాండుకు సోలార్ అక్కరకు రాదు, ఖజానా బిగుతుగా ఉంది. ఈ మాటలు రేట్లు నిర్ణయించే విద్యుత్ రెగ్యులేటరీ కమిషన్ ముందు బహిరంగ విచారణలో చెప్పుకోవచ్చు. ఫైలు కదపకుండా కూర్చోవడం వాదన కిందకు రాదు.

కర్ణాటక ప్రభుత్వపు అసలు ద్వంద్వ నీతి ఇళ్లకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి దగ్గర బయటపడుతుంది. ఆ పథకం పేదింటికి మేలు చేసింది. ఎత్తేయమని మేం అనడం లేదు. కానీ లెక్క చూడండి. 2022-23 సగటు వాడకం నెలకు 150 యూనిట్లున్న ఇంటికి పది శాతం కలిపి 165 యూనిట్లు ఉచితం. బిల్లు సున్నా వచ్చే ఇంటివాడు మిద్దె మీద లక్ష రూపాయలు ఎందుకు పరుస్తాడు? ఆ 165 యూనిట్లకు ఆరు రూపాయల చేరువలో ప్రభుత్వమే కట్టుకుంటోంది, అంటే ఒక్క ఇంటికి ఏడాదికి పన్నెండు వేల దాకా. అదే ఇంటి మీద రెండు కిలోవాట్లు పెడితే నెలకు 240 యూనిట్లు వస్తాయి. లక్షా పాతిక వేల ఖర్చులో కేంద్రం 60 వేలు ఇస్తుంది. మిగిలిన 65 వేలు రాష్ట్రమే పెట్టుకున్నా ఐదారేళ్లలో తిరిగి వస్తుంది, ప్యానెల్ ఇరవై ఐదేళ్లు పనిచేస్తుంది. ఒక చేత్తో సోలార్ అక్కర్లేని పరిస్థితి కల్పించి, రెండో చేత్తో సోలార్ పెట్టుకోండని కరపత్రం పంచడాన్ని ఏమనాలి? చెప్పేవి శ్రీరంగ నీతులు అని ఊరికే అనలేదు పెద్దలు.

అద్దెకుండేవాళ్ల సంగతి, మన పాఠకుల్లో సగం మంది సంగతి, ఈ ప్రచారాల్లో ఉండనే ఉండదు. అపార్ట్‌మెంటులో మిద్దె అందరిదీ, మీటరు ఎవరిది వారిదే. సంఘం పేరున లిఫ్టుకూ పంపులకూ పెట్టుకుంటే కిలోవాటుకు 18 వేల సాయం ఉంది. ఒక ప్లాంటు కరెంటును అనేక ఇళ్ల బిల్లుల్లోకి పంచే వర్చువల్ నెట్ మీటరింగుకు ఢిల్లీ 2019లోనే మార్గదర్శకాలు రాసుకుంది. వైట్‌ఫీల్డ్‌లో ఇరవై ఫ్లాట్ల సంఘం కార్యదర్శి ఒక్క ఫారం నింపితే ఆ పని జరిగేలా చేయడం ప్రభుత్వం వంతు.

మాట ఇచ్చి వెనక్కి తీసుకునే అలవాటు ఇంకా పెద్ద బెంగ. 2013లో ఇక్కడి కమిషన్ సబ్సిడీ తీసుకోని మిద్దె సోలార్‌కు యూనిట్‌కు 9.56 రూపాయలు ఇస్తామంది. జనం ఎగబడ్డారు, రేటు తర్వాత పడిపోయింది. అదే కాలంలో సొంత పొలంలో ఒకటి నుంచి మూడు మెగావాట్లు పెట్టుకునే రైతులతో 8.40 రూపాయలకు ఒప్పందాలు జరిగాయి. భూమార్పిడి, గ్రిడ్డు అనుమతులు ప్రభుత్వ ఆఫీసుల్లోనే ఆలస్యమైతే ఆ ఆలస్యాన్ని రైతు నెత్తిన వేసి రేటు కోశారు. అలాంటి ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళితే 2024 ఆగస్టులో పంపిణీ సంస్థే ఓడింది. ఆలస్యం ఆఫీసుది, జరిమానా రైతుది! పొరుగున మనవాళ్లూ తక్కువ తినలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ పవన, సౌర ఒప్పందాలు తిరగదోడబోతే ఒప్పందంలోని ధరే కట్టమని 2022లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఈ చరిత్ర చూసినవాడు రేపు ఇంకో పథకం వస్తే ఎందుకు నమ్మాలి? అవగాహన ఎవరికి కావాలి, వాడికా, సంతకం పెట్టి మరిచినవాడికా?

ఈ నగరం ఒకప్పుడు ఇదే పని సరిగ్గా చేసింది. 2007 నుంచి కొత్త ఇళ్లకు సోలార్ వాటర్ హీటరు తప్పనిసరి చేశారు. అది ఉంటేనే కరెంటు కనెక్షను, పైగా బిల్లులో యూనిట్‌కు 50 పైసలు, నెలకు 50 రూపాయలకు మించకుండా తగ్గింపు. బోరు నీళ్ల ఉప్పు పట్టి గొట్టాలు పూడిపోవడం, కనెక్షను కోసమే పెట్టి వదిలేయడం లాంటి లోపాలు లేకపోలేదు. అయినా దేశంలో మిద్దెల మీద వాటర్ హీటర్లనగానే బెంగళూరు పేరే చెబుతారు. ఊరేగింపులు తీసి సాధించింది కాదది.

వాతావరణం గురించి పాఠం చెప్పడానికి ప్రకృతి ప్రభుత్వం కోసం ఆగలేదు. 2023లో వానలు మొహం చాటేస్తే రాష్ట్రంలోని 236 తాలూకాల్లో 223 కరువు కింద ప్రకటించారు. జలాశయాలు అడుగంటి జలవిద్యుత్తు తగ్గింది, బోరు పంపులు ఎక్కువగా తిరిగాయి, అక్టోబరులో విద్యుత్ చట్టం సెక్షన్ 11 ప్రయోగించి ప్రైవేటు కేంద్రాలను రాష్ట్రానికే అమ్మమనాల్సి వచ్చింది. పావగడ సోలార్ పార్కు లేకపోతే అప్పటి పగళ్లు ఇంకెలా ఉండేవో. మూడు వైపులా ఆంధ్ర సరిహద్దు, ఇళ్లలో తెలుగు వినిపించే ఆ కరువు తాలూకాలో తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం చుట్టుపక్కల రైతులు 13 వేల ఎకరాలు లీజుకిస్తే 2,050 మెగావాట్ల పార్కు లేచింది. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలై రెండేళ్లకోసారి ఐదు శాతం పెరిగే కౌలు భూమి ఉన్నవాడికి దక్కింది. ఆ పొలాల్లో కూలి చేసుకున్నవాడికి, గొర్రెలు మేపుకున్నవాడికి దక్కలేదు. వాళ్లు తమ వంతు ఎప్పుడో కట్టేశారు. బెంగళూరు మిద్దెలు ఖాళీగా ఉన్నంత కాలం ఇంకో పావగడ కావాలని, ఇంకొకరి పొలం కావాలని అడుగుతూనే ఉంటారు.

2022-27 పునరుత్పాదక విధానంలో మిద్దె సోలార్ ఒక గిగావాటు దాకా పెడతామని రాష్ట్రమే రాసుకుంది. మేం అడిగేది కొంచెమే. ప్రతి సబ్ డివిజన్‌లో ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్నింటికి 15 రోజుల గడువు దాటింది, ఎవరి బల్ల మీద ఆగింది, ఎంత పరిహారం కట్టారు అన్నది వారం వారం వెబ్‌సైటులో పెట్టండి. ప్రభుత్వ బళ్లు, ఆఫీసులు, ఆసుపత్రుల మిద్దెల్లో ఎన్నిటి మీద ప్యానెళ్లున్నాయి, వాటిలో ఎన్ని ఈ రోజు పనిచేస్తున్నాయి అన్న పట్టికా దాని పక్కనే ఉండాలి. కొత్త చట్టం అక్కర్లేదు, ఒక గుమస్తా, ఒక కంప్యూటరు చాలు. అదీ చేతగాకపోతే అవగాహన పెంచుకోండని జనానికి చెప్పే పని మానేయండి.