పోటుకా పాటుకా: మిస్టరీ రాసేవాళ్ళు కథ జరిగే చోటికి ఎందుకు వెళ్ళి తీరాలి

"ఇక్కడ ఒక దుంగని రాత్రి పూట నీళ్ళలో వదిలేస్తే తెల్లారేసరికి ఎక్కడుంటుంది బాబాయ్?" అని అడిగా. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో, చొల్లంగి దాటాక, కోరంగి మడ అడవుల మధ్య ఉన్న ఒక పాయలో నావ మీద ఉన్నాం. నిజానికి నేను అడుగుతున్నది దుంగ గురించి కాదు, నా నవలలో శవం గురించి, కానీ పొద్దున్నే ఒక పెద్దాయన్ని శవం ఎటు కొట్టుకుపోద్దని అడగటానికి నోరు రాలేదు. ఆయన గెడ ఆపి నా వైపు చూసి "ఎప్పుడు ఒదుల్తారండి, పోటుకా పాటుకా?" అన్నాడు.

పోటంటే సముద్రం నీరు పైకెక్కే వేళ, పాటంటే దిగే వేళ. నా దగ్గర సమాధానం లేదు. అప్పటికి ఏడాదిగా రాస్తున్నా, పన్నెండు చాప్టర్లు అయిపోయాయి, కథంతా నిలబడిందే అమావాస్య రాత్రి వంతెన మీంచి పడేసిన శవం తెల్లారేసరికి సముద్రంలో కలిసిపోతుందన్న పాయింట్ మీద, అందుకే హంతకుడికి ధైర్యం, అందుకే పోలీసులకి ఆలస్యం. ఏరంటే ఒకవైపే పారుతుంది అనుకునే నేను, సముద్రానికి దగ్గరున్న పాయలో నీళ్ళు రోజుకి రెండు సార్లు పైకి ఎక్కి రెండు సార్లు దిగుతాయన్న సంగతి చిన్నప్పుడు చదువుకున్నా కూడా కథలో పెట్టుకోలేదు. పోటు మీద వదిలితే దుంగ సముద్రంలోకి పోదు, లోపలికి ఊళ్ళ వైపు ఎక్కుద్ది, పాటు మొదలయ్యాక వెనక్కొస్తుంది, మధ్యలో మడ వేళ్ళకి తగులుకుంటే అక్కడే ఉండిపోద్ది. ఇదంతా ఆయన ఒక్క నిమిషంలో చెప్పాడు. నా పన్నెండు చాప్టర్లు ఆ నిమిషంలోనే పోయాయి.

ఆ రోజు నుంచి నాకు గట్టిగా అనిపిస్తున్నది ఒకటే. మామూలు నవలలో ఊరు తప్పు రాస్తే కథకి అందం తగ్గుద్ది, మిస్టరీలో ఊరు తప్పు రాస్తే సాక్ష్యమే తప్పవుద్ది. ఎవరు ఎక్కడ ఉన్నారు, అక్కడి నుంచి ఇక్కడికి రావటానికి ఎంతసేపు, ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తది, ఏ శబ్దం ఎంత దూరం వినిపిస్తది, వీటి మీదే కదా మనం పాఠకుడిని ఆలోచించమంటున్నాం. 1929లో ఇంగ్లండ్‌లో రొనాల్డ్ నాక్స్ అనే ఆయన, డిటెక్టివ్ కథలు రాసేవాడు, క్యాథలిక్ ఫాదర్ కూడా, ఈ కథలకి పది నియమాలు రాశాడు, వాటి సారం ఏంటంటే డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ దొరకాలి, దాచి మోసం చేయకూడదు అని. నా ఉద్దేశంలో చోటుని తప్పుగా రాయటం కూడా ఆ మోసం కిందికే వస్తుంది, కాకినాడలో పుట్టి పెరిగిన పాఠకుడు పోటు లెక్క కట్టి ఇది జరగదు అని సరిగ్గా ఆలోచిస్తాడు, కానీ నా కథలో జరిగిపోద్ది, అంటే సరిగ్గా ఆలోచించినోడే ఓడిపోయాడు.

ఈ విషయంలో నాకు అందరికంటే నచ్చే మనిషి జపాన్ రచయిత సెయ్‌చో మత్సుమొతో. ఆయన 1957లో ఒక ట్రావెల్ మ్యాగజైన్‌లో సీరియల్ మొదలుపెట్టాడు, మిస్టరీ కథ ట్రావెల్ పత్రికలో రావటమే ఎంత సరైన చోటో చూడండి. అందులో టోక్యో స్టేషన్‌లో ఒక ప్లాట్‌ఫాం మీద నిలబడితే ఇంకో ప్లాట్‌ఫాం మామూలుగా కనపడదు, మధ్యలో ఎప్పుడూ ఏదో ఒక రైలు ఉంటుంది, సాయంత్రం పూట ఒక్క నాలుగు నిమిషాలు మాత్రం మధ్య ట్రాకులు ఖాళీ అయ్యి అటు చూపు వెళ్తుంది, ఆ నాలుగు నిమిషాల మీద కథ నడుస్తుంది. అప్పటి అసలు టైంటేబుల్ మీద అల్లిన కథ అది. కానీ నాకు అంతకంటే ఇష్టమైన చోటు ఫుకువొకా దగ్గర కషీ అనే ఊళ్ళో వస్తుంది, అక్కడ దగ్గర దగ్గరగా రెండు రైల్వే స్టేషన్లు ఉన్నాయి, డిటెక్టివ్ ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి నడుస్తాడు, మళ్ళీ నెమ్మదిగా నడుస్తాడు, ఇంకోసారి వేగంగా నడుస్తాడు, వాచీ చూసుకుంటాడు. ఒక జంట ఆ దూరం నడవటానికి అంతసేపు ఎందుకు పట్టింది అన్నదే ఆయన బుర్ర తొలిచేసే ప్రశ్న. మత్సుమొతో పెరిగింది అదే క్యూషూ ద్వీపంలో, కొకురాలో. ఆ నడక సీన్ చదువుతుంటే కాళ్ళకి దారి తెలిసిన మనిషే ఇది రాయగలడు అనిపిస్తుంది, దూరం ఎంతో మ్యాప్ చెప్పుద్ది, ఆ దూరంలో మనిషి ఎక్కడ తడబడతాడో ఎక్కడ ఆగుతాడో చెప్పదు.

ఇంగ్లండ్ రచయిత్రి డొరొతీ సేయర్స్ కూడా అంతే. 1931లో ఆమె స్కాట్లండ్‌లోని గాలోవే ప్రాంతం మీద ఒక నవల రాసింది, ఆ ప్రాంతానికి ఆమె సెలవులకి వెళ్ళొచ్చేది. ఆ పుస్తకానికి ముందుమాట అక్కడి హోటల్ యజమానిని ఉద్దేశించి రాసి, ఇందులో ఊళ్ళు నిజం ఊళ్ళే, రైళ్ళు నిజం రైళ్ళే, కొత్తగా కట్టింది అక్కడక్కడ కొన్ని ఇళ్ళు మాత్రమే అన్న అర్థం వచ్చేలా చెప్పుకుంది. అంటే అక్కడోళ్ళే చదివి తప్పు పట్టుకోండి అని ధైర్యంగా ముందే ఒప్పుకుని రాసినట్టు. కొందరికి ఆ నవలలో టైంటేబుళ్ళు మరీ ఎక్కువైనట్టు అనిపిస్తుంది, నాకూ ఒకటి రెండు చోట్ల అనిపించింది, అయినా ఆ నిజాయితీ ముందు అది చిన్న విషయం.

అగాథా క్రిస్టీ గురించి మనవాళ్ళకి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1928లో విడాకుల తర్వాత ఒంటరిగా ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి బాగ్దాద్ వైపు వెళ్ళింది, ఇరాక్‌లో ఉర్ అనే పురాతన నగరం తవ్వకాలు చూసింది, 1930లో మళ్ళీ వెళ్తే అక్కడే మాక్స్ మాలోవన్ అనే పురావస్తు శాస్త్రవేత్త పరిచయమై అదే ఏడాది పెళ్ళి కూడా అయ్యింది. 1929 చలికాలంలో ఆ రైలు టర్కీలో మంచులో రోజుల తరబడి ఇరుక్కుపోయింది, అది ఆమె ఎక్కిన రైలు కాదు. కానీ 1931 డిసెంబర్‌లో ఆమె ఇంటికి వస్తుంటే వానలకి పట్టాలు కొట్టుకుపోయి ఆమె రైలు కూడా ఆగిపోయింది, ఆ ఆగిపోయిన రైల్లో తోటి ప్రయాణికులు ఎలా ఉన్నారో భర్తకి పెద్ద ఉత్తరం రాసింది. 1934లో వచ్చిన మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నవలలో ఈ రెండూ కలిసిపోయాయి. ఆగిపోయిన రైల్లో మనుషులు ఎలా చిరాకు పడతారు, ఎవరు ఎవరితో మాట కలుపుతారు, ఇది పేపర్లో వార్త చదివితే రాదు, మనం కూడా ఆ బోగీలో కూర్చుని ఉండాలి.

ఇంకో రకం వాళ్ళున్నారు, ఇంగ్లండ్ రచయిత్రి పీ డీ జేమ్స్ లాంటి వాళ్ళు, వాళ్ళకి కథకంటే ముందు చోటు దొరుకుతుంది. ఈస్ట్ ఆంగ్లియా తీరంలో ఎవరూ లేని రాళ్ళ బీచ్ మీద నిలబడి ఇది వందల ఏళ్ళ నుంచి ఇలాగే ఉంది కదా అనుకుంటూ తల తిప్పితే సైజ్‌వెల్ అణు విద్యుత్ కేంద్రం కనపడింది, ఆ క్షణంలో తర్వాతి నవల దొరికింది అని ఆమే చెప్పుకుంది. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయల్ 1901లో ఫ్రెండ్‌తో కలిసి ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ వెళ్ళి ప్రిన్స్‌టౌన్‌లో దిగి ఆ బురద నేలల్లో తిరిగొచ్చి ద హౌండ్ ఆఫ్ ద బాస్కర్‌విల్స్ నవల రాశాడు, కానీ ఆ బురదకి సొంత పేరు పెట్టుకున్నాడు, ఆ పేరు సంగతి కాసేపాగి మాట్లాడదాం.

మరి వెళ్ళకుండా రాసినోళ్ళు లేరా అంటే ఉన్నారు, దీన్ని దాటేసి పోతే నా వాదన నిలబడదు. హెచ్ ఆర్ ఎఫ్ కీటింగ్ అని ఇంగ్లండ్ రచయిత, బొంబాయి సీఐడీలో ఘోటే అనే ఇన్‌స్పెక్టర్‌ని పెట్టి 1964లో మొదటి నవల రాశాడు, దానికి అక్కడ పెద్ద అవార్డు గోల్డ్ డాగర్ వచ్చింది, అప్పటికి ఆయన ఇండియాలో కాలు పెట్టలేదు, దాదాపు పదేళ్ళు అలా దూరం నుంచే రాసి ఆ తర్వాతే బొంబాయి చూశాడు. ఇది ఎలా కుదిరింది? నాకు అర్థమైనంతలో ఆ కథల్లో ముడి బొంబాయి వీధుల్లో లేదు, ఘోటే మనసులో ఉంది, పై ఆఫీసర్ ముందు నోరు పెగలకపోవటం, పెద్దింటి వాళ్ళ దగ్గర మర్యాదకీ డ్యూటీకీ మధ్య నలిగిపోవటం, ఇవి లండన్‌లో కూర్చుని కూడా ఊహించొచ్చు. కథ ముడి మనిషిలో ఉంటే ప్రయాణం లేకుండా బండి నడుస్తుంది. ముడి నీళ్ళలో, దారిలో, గోడలో, రైలు టైంలో ఉంటే మాత్రం నడవదు, వెళ్ళాల్సిందే.

మన తెలుగులో చూస్తే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ మద్రాసులో తిరిగాడు, ఆ రోజుల్లో తెలుగు పత్రికలు, సినిమా చాలావరకు అక్కడే కదా, అందుకని ఆ ఊరు కథలో సహజంగా ఉండేది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తున్న తెలుగు మిస్టరీలు చాలా చదువుతున్నా, మంచి బుర్రలున్న పిల్లలు రాస్తున్నారు, కానీ ఎక్కువ కథలు పేరు లేని సిటీలోనో, ఊరి బయట గెస్ట్‌హౌస్‌లోనో జరుగుతాయి, ఆ గెస్ట్‌హౌస్ నెల్లూరు దగ్గరున్నా నిజామాబాద్ దగ్గరున్నా కథలో ఒక్క ఆధారం కూడా మారదు. నాకు బాధ అక్కడే. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఇన్ని రకాల నేలలు, బొగ్గు గనులు, చేపల చెరువులు, గ్రానైట్ క్వారీలు, లంక గ్రామాలు ఉన్నాయి, ప్రతి చోటా పనికి ఒక టైం ఉంది, చీకటికి ఒక పద్ధతి ఉంది, ఇవన్నీ అల్లుకోవటానికి సిద్ధంగా ఉన్న ముడులు.

గూగుల్ స్ట్రీట్ వ్యూ ఉంది కదా అంటారు. 2022 నుంచి మన దగ్గర కూడా వచ్చింది, హైదరాబాద్ గల్లీలు ఫోన్‌లో చూసుకోవచ్చు, నేనూ వాడతా. కానీ అందులో ఎప్పుడూ పగలే ఉంటుంది, మన కథల్లో జరగాల్సింది చాలావరకు రాత్రి జరుగుతుంది. వీధి దీపం ఏ చెట్టు కొమ్మల వెనక పడిందో, కుక్కలు ఎన్ని గంటలకి లేస్తాయో, పాల వ్యాన్ ఎప్పుడు వస్తదో ఫోన్ చెప్పదు.

మడ అడవి విషయమే తీసుకోండి. నా పాత డ్రాఫ్ట్‌లో హంతకుడు చీకట్లో చెట్ల మధ్య నుంచి పరిగెత్తి పారిపోతాడు. పాటు వేళ నావ దిగి నాలుగడుగులు వేసి చూశా, మోకాలి దాకా దిగిపోయా, చెప్పు బురదలోనే ఉండిపోయింది. ఆ బురదలోంచి చెట్ల ఊపిరి వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు వందల కొద్దీ పైకి లేచి ఉంటాయి, ఒట్టి కాళ్ళతో పగలు నడవటమే కష్టం, రాత్రి పరిగెత్తటం అన్న మాటే లేదు. ఒక కొమ్మ పట్టుకోబోతే బాబాయ్ గట్టిగా అరిచాడు, "అది తిల్ల అండి బాబూ, ముట్టుకోకండి, ఆ పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అని. కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారుతాయి, చర్మానికి తగిలితే బొబ్బలు కూడా వస్తాయంట. ఇంటర్నెట్‌లో కోరంగి గురించి ఎంత చదివినా నీటి పిల్లులు, పక్షులు, బోటింగ్ అని వచ్చింది గానీ ఈ చెట్టు మీద నా కన్ను పడలేదు, ఇప్పుడు నా నవలలో సాక్షి కన్ను వాచి ఉండటం అన్నది పెద్ద ఆధారం, ఎందుకు వాచిందో ఆ ప్రాంతం వాళ్ళు వెంటనే పట్టేస్తారు, మిగతావాళ్ళకి కూడా ముందే ఒక చోట తిల్ల గురించి చెప్పి ఉంచా. ఇంకో సంగతి, బురదలో మా అడుగులు లోతుగా పడ్డాయి కదా, తర్వాతి పోటు వచ్చి వెళ్ళాక అవి ఒక్కటి కూడా లేవు. అంటే అడుగు కనపడిందంటే అది ఎప్పటిదో పోటు లెక్క కట్టి చెప్పొచ్చు. రెండు పోట్ల మధ్య పన్నెండు గంటల పైన ఇంకో ఇరవై అయిదు నిమిషాలు, అందుకే పోటు రోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, బాబాయ్ ఇవేం నిమిషాల్లో చెప్పడు, తిథి అడుగుతాడు, వేళ్ళ మీద లెక్కేస్తాడు, అష్టమి నవమికి నీరు చప్పగా ఉంటది, అమావాస్య పున్నానికి జోరుగా ఉంటది అంటాడు.

ఒక్క మాట మాత్రం అనుభవంతో చెప్తా, కథ అసలేం లేకుండా వెళ్తే వెన్నెల, పక్షులు, టీ కొట్టు ఇవే నోట్‌బుక్ నిండా వస్తాయి, వెళ్ళొచ్చాక చూసిందంతా కథలో కుక్కేయాలన్న ఆత్రం కూడా ఉంటుంది, దాంతో పుస్తకం సగం యాత్రా వ్యాసం అయిపోద్ది. సగం కథ అల్లుకున్నాక వెళ్తే అడగటానికి ప్రశ్నలుంటాయి, తప్పు ఎక్కడుందో ఆ చోటే చూపిస్తుంది. నాకు రెండు రాత్రులు లాడ్జి, నావ కూలి, బస్సు ఛార్జీలు అన్నీ కలిపి నాలుగు వేలు దాటలేదు, తెలుగులో రాసేవాళ్ళకి అది కూడా పుస్తకం మీద తిరిగి రాదని తెలుసు, అందుకే విదేశాల దాకా ఎందుకు, బస్సులో పోయి రాగల దూరంలో మొదలుపెట్టమనే నా మాట. అడగాల్సింది కూడా టూరిస్టులకి చూపించేవాళ్ళని కాదు, రాత్రి డ్యూటీ చేసేవాళ్ళని, వాచ్‌మెన్‌ని, గేట్‌మెన్‌ని, వల వేసేవాళ్ళని.

ఇక పేర్ల సంగతి. దిగేముందు అసలు విషయం చెప్పేశా, దుంగ కాదు బాబాయ్, కథలో శవం అని. ఆయన కాసేపు నవ్వి తర్వాత సీరియస్‌గా "రాస్తే రాయండి గానీ మా ఊరి పేరు ఎట్టకండి బాబూ, ఆడపిల్లలున్న ఇళ్ళండి, సంబంధాలప్పుడు ఇలాంటియ్యే గుర్తుకొస్తయ్ జనాలకి" అన్నాడు. కానన్ డాయల్ బురదకి పేరు ఎందుకు మార్చాడో నాకు తెలీదు గానీ నేను మాత్రం ఈ మాట కోసమే మార్చా, నీళ్ళు, చెట్లు, తిథులు, వంతెన నుంచి నడక దూరం అన్నీ ఉన్నవి ఉన్నట్టే, ఊరి పేరు, ఇంటి పేర్లు మాత్రం నావి. ఈ వ్యాసంలో కూడా ఆయన ఊరు రాయలేదు.

శవం ఇప్పుడు సముద్రంలోకి పోవట్లేదు. హంతకుడు నాలాగే బయటి ఊరి మనిషి, ఏరు ఒకవైపే పారుతుందనుకున్నాడు, చొల్లంగి అమావాస్య స్నానాలకి జనం దిగే వేళకి అది వెనక్కొచ్చింది. ఆ తీర్థం రోజు తెల్లవారుజామున నీరు సరిగ్గా ఎంత ఎత్తులో ఉంటదో, మొదటి బస్సుల జనం ఏ గట్టు మీద నిలబడతారో నేనింకా చూడలేదు, ఆ చాప్టర్ ఖాళీగా ఉంచి పుష్య అమావాస్యకి నావ మాట్లాడుకున్నా.